ఒంగోలు–చీమకుర్తి రోజూ తిరగడానికి 1,200 లోపు హెల్మెట్: మంచిదో కాదో చూసి ఎలా తెలుసుకోవాలి?

గ్రానైట్ రోడ్డు (ఒంగోలు)

అందరికీ నమస్కారం. లాయర్‌పేట నుంచి చీమకుర్తికి రోజూ బండి మీదే వెళ్లొస్తాను. పోనూ రానూ నలభై కిలోమీటర్ల పైనే అవుతుంది. బండి 125 సీసీ. ఆ రోడ్డు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రాళ్ల లారీలు, టిప్పర్లు, తెల్లటి దుమ్ము.

నా హెల్మెట్ కొని ఏడేళ్లయింది. గడ్డం కింద క్లిప్ విరిగి నెల రోజులైంది. పట్టీ ముడేసుకుని తిరుగుతున్నాను. అది చూసినప్పటి నుంచి ఇంట్లో ఆవిడకు ఒకటే టెన్షన్.

ఆదివారం మూడు చోట్ల చూశాను. రోడ్డు పక్కన తాడుకు వేలాడదీసినవి 350. ఒక షాపులో 980, ఇంకో షాపులో 1,450. చేతిలోకి తీసుకుంటే మూడూ ఒకేలా అనిపించాయి, మూడింటి మీదా ఐఎస్ఐ గుర్తు ఉంది. 350 దాని మీదైతే డాట్ అని ఇంకో స్టిక్కర్ కూడా ఉంది. షాపతను "అన్నీ ఒకటే సార్, పేరుకే డబ్బులు" అన్నాడు. నిజమేనా? కొనేముందు మీరేం చూస్తారు? 1,200 దాటి పెట్టలేను.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

అన్నా, నేను ట్రంకు రోడ్డులో బండి సామాన్ల షాపులో ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి దాచుకునేదేమీ లేదు. అన్నీ ఒకటే అన్న మాట తప్పు. 1,000 నుంచి 1,300 మధ్య మంచివి దొరుకుతాయన్నది మాత్రం నిజం.

ముందు గుర్తు సంగతి. ఐఎస్ఐ గుర్తు ఉందా లేదా అని చూసి ఊరుకోకూడదు. గుర్తుకు పైన ఐఎస్ 4151 అని ఉండాలి, అది హెల్మెట్ల ప్రమాణం నంబరు. కింద సీఎం/ఎల్ అని, పక్కన అంకెలు ఉండాలి, అది ఆ కంపెనీ లైసెన్సు నంబరు. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. ఫోన్లో వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ అంకెలు కొట్టు. కంపెనీ పేరు, ఊరు, లైసెన్సు నడుస్తోందా ఆగిపోయిందా అన్నీ వస్తాయి. చేతిలో ఉన్న హెల్మెట్ మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే అక్కడే పెట్టేసి వచ్చెయ్. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని బండి హెల్మెట్ అమ్మడమే నేరం. అందుకే రోడ్డు పక్కన సరుకు మీద కూడా ఆ గుర్తు అచ్చేస్తున్నారు. గుర్తు వేయడం సులువే, పని చేసే నంబరు తేవడమే కష్టం.

తర్వాత లోపల చూడు. ఇది ఎవరూ చూడరు. పైన ఉన్న గుడ్డను వేలితో కొంచెం పక్కకు జరుపు. కింద గట్టి థర్మోకోల్ కనిపించాలి. కాపాడేది ఆ థర్మోకోలే. పై డొప్ప గీసుకుపోకుండా, వాడి వస్తువు దిగకుండా ఆపుతుంది. దెబ్బ జోరును మింగేది మాత్రం లోపలి థర్మోకోల్, అది నలిగిపోతూ మింగుతుంది. బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. నడినెత్తి దగ్గరి నుంచి చెవుల పై దాకా, వెనక మెడ దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. 350 దాంట్లో గుడ్డ ఎత్తితే చాలావాటిలో నాకు కనిపించింది స్పాంజి, అంతే. వేలు దిగిపోతుంది. నడినెత్తి మీద మాత్రం అరచేతంత థర్మోకోల్ ముక్క ఒకటి అతికించి ఉంటుంది.

ఇంకో పని చెయ్. రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని లోపలికి నొక్కు. మంచి డొప్ప కొంచెం వంగి వెంటనే వెనక్కి వస్తుంది. మరీ మెత్తగా లోపలికొచ్చినా, కరకరమని శబ్దం చేసినా వద్దు.

పట్టీ చివర డొప్పకు రివిట్‌తో బిగించి ఉందో, ఊరికే గుడ్డకు కుట్టేసి ఉందో చూడు. క్లిప్ పెట్టి పట్టీని గట్టిగా గుంజు. షాపు వాళ్లు ఏమీ అనరు. అంటే వేరే షాపుకు పో.

కావలి కుర్రోడు

980 దానికీ 1,450 దానికీ డొప్ప ఒకటేగా బ్రో? రెండూ ఏబీఎస్ ప్లాస్టిక్కే. బొమ్మలకూ రంగులకూ అంత తేడా పెట్టాలా? డాట్ స్టిక్కర్ అంటే అమెరికా స్టాండర్డ్ కదా, ఐఎస్ఐ కంటే మేలు అని మా ఫ్రెండ్స్ అంటారు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

తమ్ముడూ, మొదటి మాట చాలావరకు నిజం. ఒకే కంపెనీలో ఒకే మోడల్‌కు ఒంటి రంగు 1,050, బొమ్మలున్నది 1,350 ఉంటుంది. కాపాడే దగ్గర తేడా ఏమీ ఉండదు. డబ్బు తక్కువుంటే ఒంటి రంగే తీసుకోవాలి. నన్నడిగితే తెలుపో పసుపో. ఆ దుమ్ములో సాయంత్రం పూట లారీ డ్రైవరుకు నల్ల హెల్మెట్ కనపడదు. ఎక్కువ డబ్బుకు నిజంగా వచ్చేది విప్పి ఉతుక్కునే లోపలి గుడ్డ, ముఖం ముందు కాస్త మంచి అద్దం, గాలి రంధ్రాలు. అందులో ఉతుక్కునే గుడ్డకు ఓ రెండు వందలు ఎక్కువ పెట్టొచ్చు.

డాట్ అమెరికా చట్టం ప్రకారం వేసేది. అక్కడ తయారీదారే మా సరుకు సరిపోతుందని తనంతట తాను చెప్పుకుని వేస్తాడు, అమ్మకముందు ప్రభుత్వం పరీక్షించి ఇచ్చేది కాదు. తర్వాత నమూనాలు కొని పరీక్షిస్తారు. అసలు డాట్ ముద్రలో కంపెనీ పేరు, మోడల్, ఎఫ్ఎంవీఎస్ఎస్ నంబర్ 218 అని కూడా ఉంటాయి. మన రోడ్డు పక్కన డాట్ అన్న మూడక్షరాలే ఉంటాయి. ఆ స్టిక్కర్ కట్టలు కట్టలుగా దొరుకుతుంది. ఇక్కడ అమ్మాలంటే ఐఎస్ఐ ఉండాల్సిందే. దాంతోపాటు యూరప్ ప్రమాణం ఈసీఈ గుర్తు ఉంటే సంతోషం, కానీ ఈ ధరలో వెతకొద్దు.

సిస్టర్ ఒంగోలు

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. పెద్ద పోస్టు రాయడం అలవాటు లేదు, అయినా ఇది రాయాలనిపించింది.

యాక్సిడెంట్ కేసు వచ్చినప్పుడు వెంట వచ్చినవాళ్లు చాలాసార్లు హెల్మెట్ కూడా పట్టుకొస్తారు. "హెల్మెట్ ఉంది మేడమ్, అయినా దెబ్బ తగిలింది" అంటారు. ఆ హెల్మెట్‌ను చేతిలోకి తీసుకుని చూస్తాను. గీత కూడా ఉండదు. పట్టీ మొదటి రోజు కొన్నప్పుడు ఎలా మడిచి ఉందో అలాగే ఉంటుంది. ఒకదానికైతే పట్టీ చుట్టూ రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. అంటే పడ్డప్పుడు తల నేలకు తగలకముందే హెల్మెట్ ఎగిరిపోయింది. హెల్మెట్ ప్రాణం పోయే ముప్పును సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని, చాలా అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షలో తేల్చారు. తల మీద నిలిస్తేనే కదా అదంతా.

రెండో సంగతి, సగం టోపీ హెల్మెట్లు. అవి పెట్టుకున్నవాళ్లకు దవడ, పళ్లు, ముక్కు దగ్గర గాయాలు చూస్తాం. దవడ విరిగితే వైర్లు కట్టి వారాల తరబడి జావ మీదే ఉంచాలి. 1,200 పెట్టగలిగినప్పుడు గడ్డం కప్పే ఫుల్ ఫేస్ తీసుకోండి అన్నయ్యా.

మా ఆడవాళ్ల సంగతి షాపుల్లో ఎవరూ చెప్పరు. వెనక పెద్ద క్లిప్పు పెట్టుకుని దాని మీద హెల్మెట్ పెడితే అది పైకి లేచి నుదుటి మీద వదులవుతుంది. పడితే ఆ క్లిప్పే తలకు గుచ్చుకుంటుంది. ముడి ఉంటే మెడ దగ్గరికి దింపి కింద జడలా వదిలెయ్యాలి. పూలు పెట్టుకుంటే బండి దిగాకే. నేను మల్లెపూలు డబ్బాలో పెట్టుకుని వెళ్లి డ్యూటీ అయ్యాక పెట్టుకుంటాను.

మైపాడు అల

సిస్టర్ చెప్పింది మా ఇంట్లోనే జరిగింది. మా బామ్మర్ది రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజరు. తెల్లవారుజామున మేత చూడ్డానికి పోతుంటే ట్రాక్టరు చక్రాల బురద రోడ్డు మీద పడి ఉంది. తడి బురద, బ్రేకు వేశాడు, బండి పడుకుంది. వాడి హెల్మెట్ మంచి కంపెనీదే, 1,300 పెట్టి కొన్నది, పట్టీ కూడా వేసుకున్నాడు. అయినా ఊడిపోయింది.

ఎందుకంటే సైజు. ఆ రోజు షాపులో ఎక్స్‌ఎల్ ఒక్కటే ఉందట. "కొంచెం వదులుగా ఉంటే గాలాడుతుంది" అని అంటగట్టారు. చెవి పైన పదకొండు కుట్లు పడ్డాయి. దేవుడి దయ వల్ల బాగానే ఉన్నాడు. నేనప్పటి దాకా హెల్మెట్ అంటే చెప్పుల్లాగా ఒక సైజు అటూ ఇటూ అయినా పరవాలేదనుకునేవాణ్ని.

ఆ తర్వాత నేర్చుకున్నది: దర్జీ టేపు తీసుకుని కనుబొమలకు అంగుళం పైన, వెనక తల బాగా ఉబ్బిన చోట కలిసేలా చుట్టి కొలవాలి. 58 సెంటీమీటర్లు వస్తే చాలా కంపెనీల్లో మీడియం, 60 అయితే లార్జ్. కంపెనీని బట్టి మారుతుంది, లోపల లేబుల్ మీద రాసి ఉంటుంది. పెట్టుకున్నాక రెండు చేతులతో హెల్మెట్‌ను పక్కలకు తిప్పితే బుగ్గల చర్మం కూడా దాంతో కదలాలి. చర్మం కదలకుండా హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది మీది కాదు. తర్వాత పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగమని పక్కవాళ్లకు చెప్పండి. కళ్ల మీదికి జారి ఊడొచ్చిందా, వదిలెయ్యండి. ఈ పరీక్ష చేసుంటే మా వాడి హెల్మెట్ షాపులోనే ఊడొచ్చేది.

కొండపి పొగాకు

మీరందరూ చెప్పేది బాగానే ఉంది కానీ మన ఎండల సంగతి ఏంది? రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో బుగ్గలు బిగిసే ఫుల్ ఫేస్ పెట్టుకుని పొలం దాకా పోవాలంటే ఊపిరాడదు. చెమట కళ్లల్లోకి కారుతుంది. నేను సగం టోపీయే వాడతా. మా ఊళ్లో అందరం అంతే.

సిస్టర్ ఒంగోలు

బాబాయ్, ఎండ బాధ నిజం, కాదనను. మీరు పొలానికి ఎంత దూరం పోతారో నాకు తెలియదు. ఫుల్ ఫేస్ అసలు కుదరకపోతే చెవులూ మెడ వెనకా పూర్తిగా కప్పే ఓపెన్ ఫేస్ తీసుకోండి, ఐఎస్ఐ నంబరు చూసి. నెత్తి మీద గిన్నెలా బోర్లించే సగం టోపీ మాత్రం వద్దు. కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే చెమట దాంట్లోకి పోతుంది, రోజూ ఉతుక్కోవచ్చు. ఎండకు నీరసపడి వస్తే చాలాసార్లు సెలైన్ పెట్టి సాయంత్రానికి ఇంటికి పంపిస్తాం. తల దెబ్బకు అలా పంపలేం.

కొండపి పొగాకు

సరేనమ్మా. చెవులు కప్పేది చూస్తాను.

పొదిలి మాస్టారు

అద్దం గురించి ఎవరూ రాయలేదు. నాకు కళ్లజోడు ఉంది, రోజూ బడికి చీకటి పడ్డాక తిరిగొచ్చే దారి. అందుకని హెల్మెట్‌లో నేను మొదట చూసేది అద్దమే.

షాపులో హెల్మెట్ పెట్టుకుని అద్దం దించి, ఎదురుగా ఉన్న షట్టరు గీతలనో నేల టైల్స్ గీతలనో చూస్తూ తలను నెమ్మదిగా పక్కకు తిప్పండి. గీతలు తిన్నగా ఉండాలి. నీళ్లలో చూసినట్టు వంకర్లు పోతుంటే గంట నడిపేసరికి తలనొప్పి ఖాయం. చౌక అద్దాల్లో అంచుల దగ్గర ఇలా ఎక్కువ. నల్ల అద్దం అందంగా ఉంటుందని తీసుకోకండి. రాత్రి ఎదుటి లారీ లైటు దాటిన మరుక్షణం ఏమీ కనపడదు.

అద్దాన్ని సగం ఎత్తి వదిలితే అక్కడే ఆగాలి, దానంతటది జారి పడకూడదు. మాకు వరికోతల కాలంలో పొద్దు గుంకితే పురుగులు వర్షంలా కొడతాయి, అద్దం తీసి నడపలేం. కళ్లజోడు ఉన్నవాళ్లు జోడుతో సహా పెట్టి చూసుకోవాలి. కణతల దగ్గర పుల్లలు నొక్కుకుంటే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అందుకే షాపులో పది నిమిషాలు తల మీదే ఉంచుకోండి. ఇంట్లో చూద్దాంలే అనుకుంటే కుదరదు, వాడినదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు.

వేదాయపాలెం

మాస్టారు గారి మాటకు ఒకటి కలుపుతాను. అద్దం తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదని చెబుతున్నా. స్టిక్కర్ జిగురు పోవట్లేదని గుడ్డను పెట్రోలులో ముంచి రుద్దాను. ఒక చుక్క అంచులోంచి లోపలికి కారింది. మర్నాడు గుడ్డ ఎత్తి చూస్తే థర్మోకోల్ మీద రూపాయి బిళ్లంత గుంట, అంచులు కరిగి జిగురు జిగురుగా. థర్మోకోల్‌కు పెట్రోలు అంటే ఉప్పుకు నీళ్లలాంటిది. ఆ హెల్మెట్ పడేశాను. టర్పెంటైన్, థిన్నర్ కూడా వద్దు. ట్యాంకు మీద బోర్లించడం, బండి అద్దానికి తగిలించడం కూడా మానేశాను. అద్దం మొన లోపల ఒక్కచోటే నొక్కి గుంట పెడుతుంది.

కావలి కుర్రోడు

కింద పడితే మార్చాలంటారు, నిజమేనా? నాది టేబుల్ మీది నుంచి రెండు సార్లు పడింది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

ఉత్త హెల్మెట్ టేబుల్ మీది నుంచి పడితే కంగారు పడక్కర్లేదు, పగుళ్లు ఉన్నాయేమో చూసుకో. తల లోపల ఉండగా రోడ్డుకు కొట్టుకుంటే మాత్రం పైకి ఏమీ కనపడకపోయినా మార్చాల్సిందే. థర్మోకోల్ ఒకసారి నలిగితే మళ్లీ పైకి లేవదు, రెండో దెబ్బను మింగలేదు. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లకు మార్చుకోవడం మంచిది. మన చెమట, కొబ్బరి నూనె, ఎండ అన్నీ దాని మీద పని చేస్తాయి. అన్నా, మీ ఏడేళ్లది క్లిప్ వేయించుకుని వాడాలని చూడొద్దు. కొనేటప్పుడు తయారైన నెల, సంవత్సరం కూడా చూడండి. షాపు అటక మీద రెండేళ్లు ఎండినవి తగ్గింపు ధరకు ఇస్తుంటారు.

సింగరాయకొండ స్టేషన్

చట్టం సంగతి కూడా ఒక మాట. మోటారు వాహనాల చట్టం 194డి కింద హెల్మెట్ లేకపోతే 1,000 జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ కూడా చేయొచ్చు. 129వ సెక్షన్‌లో పట్టీతో తలకు బిగించి ఉండాలని కూడా రాసి ఉంది. వెనక కూర్చున్నవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొత్త బండి కొన్నప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 138వ నియమం చెబుతుంది. నాకు బండి అమ్మినచోట "అది స్కీములో లేదు" అన్నారు. నియమం నంబరు చెప్పి అడిగితే లోపల్నుంచి తెచ్చిచ్చారు. ఇచ్చినది నా సైజు కాదు, దాన్ని కూడా మార్పించుకున్నాను.

దర్శి అమ్మ

పాపకు మూడేళ్లు. ముందు నిలబెట్టుకుని తీసుకెళ్తాం. పిల్లలకు కూడా ఉండాలా?

సింగరాయకొండ స్టేషన్

ఉండాలమ్మా. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్, నడిపేవాళ్లతో కలిపి కట్టే బెల్టు ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నియమం ఉంది. ఆ బెల్టు పాపను వెనక కూర్చోబెట్టుకుని కట్టుకునేది. ముందు నిలబెట్టొద్దమ్మా. బ్రేకు వేస్తే పాప ముఖం నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. పెద్దవాళ్ల హెల్మెట్‌లో గుడ్డ కుక్కి కూడా పెట్టకండి.

గ్రానైట్ రోడ్డు (ఒంగోలు)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లాను. జరిగింది వివరంగా రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

బయల్దేరేముందు మా ఆవిడ కుట్టుమిషను టేపుతో కొలిచింది. యాభై ఏడున్నర. ఏడేళ్లుగా నేను వాడుతున్నది 60. అద్దం ముందు నిలబడి పట్టీ ముడేసి, వెనక నుంచి లాగమన్నాను. రెండు వేళ్లతో తీసేసింది. ఆమె ముఖం చూసి నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ లారీల మధ్య దీన్ని పెట్టుకుని తిరిగాను.

350 దాని మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఉంది, పక్కన అంకెలే లేవు. గుడ్డ ఎత్తబోతే అతను చేతిలోంచి తీసేసుకున్నాడు. 980 దాని నంబరు యాప్‌లో సరిగ్గానే వచ్చింది, లైసెన్సు నడుస్తోంది, కంపెనీ పేరు కలిసింది. థర్మోకోల్ కూడా బాగుంది. కానీ మాస్టారు చెప్పినట్టు షట్టరు గీతలు చూస్తే అంచు దగ్గర వంకర పోతున్నాయి, పైగా లార్జే ఉంది. 1,450 షాపులో దాని కంపెనీదే బొమ్మల్లేని తెల్లది ఉందా అని అడిగితే లోపల్నుంచి తీశారు, 1,150. అడక్కపోతే చూపించేవాళ్లు కాదు. మీడియం, నాలుగు నెలల కిందట తయారైంది, గుడ్డ విప్పి ఉతుక్కోవచ్చు. పది నిమిషాలు పెట్టుకుని నిలబడ్డాను. బుగ్గలు బాగా నొక్కుతున్నాయి, నుదుటి మీద మాత్రం నొప్పి లేదు. బిల్లు కూడా తీసుకున్నాను.

బుగ్గల దగ్గర ఇంత బిగువు ఉండొచ్చా? మాట్లాడితే లోపల పళ్లకు చర్మం తగులుతోంది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

మంచి పని చేశావన్నా. బుగ్గల స్పాంజి పదిహేను ఇరవై గంటలు వాడేసరికి నీ ముఖానికి సర్దుకుంటుంది. నుదుటి మీద ఎర్రటి గీత పడి నొప్పి పుడితే మాత్రం సైజు కాదు, తల ఆకారం కలవలేదని అర్థం. నీకు ఆ బాధ లేదన్నావు కాబట్టి వాడు. పాతదాన్ని ఎవరికీ ఇవ్వొద్దు, పట్టీ కోసేసి పారెయ్.

గ్రానైట్ రోడ్డు (ఒంగోలు)

పట్టీ కోసేశాను. రెండు వారాలైంది, బుగ్గలు సర్దుకున్నాయి. చీమకుర్తి దగ్గర టిప్పరు పక్కనుంచి పోతే తల ఊగడం లేదు. పాతదానికి ఊగేది, గాలికి అనుకునేవాణ్ని.

ఇప్పుడు మా ఆవిడకు కొనాలి. కొలత 56 వచ్చింది. ఒంగోలులో నాలుగు షాపులు అడిగాను, స్మాల్ సైజు ఎవరి దగ్గరా లేదు. "ఆడవాళ్లకు మీడియమే ఇస్తాం సార్" అంటున్నారు. సిస్టర్, మీరు ఎక్కడ కొన్నారు?

సిస్టర్ ఒంగోలు

నాకు కూడా ఇక్కడ దొరకలేదు అన్నయ్యా. కంపెనీ వెబ్‌సైట్‌లో సైజుల పట్టిక చూసి తెప్పించుకున్నాను, వచ్చాక నంబరు యాప్‌లో చూసుకున్నాను. మార్చుకునే వీలుందో లేదో ముందే చూసి పెట్టండి. వదిన జడ వేసుకున్నాక ఇంకోసారి కొలవండి, ముడితో కొలిస్తే తప్పు వస్తుంది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

ఆగన్నా, తెప్పించేముందు ఒక రోజు ఆగు. నేను పనిచేసిన చోట స్మాల్ రెండు మూడు ఎప్పుడూ ఉండేవి, కాలేజీ పిల్లలు అడుగుతారని. రేపు అటు పోతున్నా. ఉంటే తయారీ తేదీ, లైసెన్సు నంబరు ఫోటో తీసి ఇక్కడే పెడతాను.